పెరుగు వడ్డించే లోపు

పోయిన వారం మచిలీపట్నం బస్టాండులో గుడివాడ బస్సు కోసం కూర్చున్నాను. పైన వేలాడదీసిన టీవీలో ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. వాటి మధ్యలో మా కంపెనీ పులిహోర పేస్టు ప్రకటన వచ్చింది. నా పక్కన పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కాలేజీ అమ్మాయి, ఫోనులోంచి తల ఎత్తకుండానే ఆ పాటతో గొంతు కలిపింది.

"ఆకు చిన్నదాయె వియ్యపురాలా, ఆకలి పెద్దదాయె
పులిహోర చూసి వియ్యపురాలా, పూట మారిపోయె"

ముప్ఫై సెకన్లలో పాట అయిపోయింది. తరవాత సబ్బు ప్రకటన వచ్చింది. అమ్మాయి ఆ సబ్బు పాట కూడా అంతే శ్రద్ధగా పాడింది.

పులిహోర పాట పాడిన మనిషి పోయి రెండు నెలలు దాటింది. ఆ మాట ఆ అమ్మాయితో చెప్పాలనిపించింది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. ఎక్కడ పుట్టారో, ఎంతవరకు చదివారో నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలిసిందల్లా ఆవిడ పాడే పద్ధతి, మనుషులను చూసే పద్ధతి, ఒక్క జవాబు కోసం పద్దెనిమిదేళ్ళు ఎదురు చూసిన పద్ధతి. ఇక్కడ రాస్తున్నది అంతవరకే.

దివిసీమలో ఆవిడను అందరూ మామ్మగారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

మాది పామిడిముక్కల దగ్గర ఒక ఊరు. మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. గుడివాడలో పొడులూ పచ్చళ్ళూ చేసే ఒక కంపెనీలో ప్రచార విభాగంలో ఉద్యోగం వచ్చింది. ప్రచార విభాగం అంటే నేనూ, ఒక కంప్యూటరూ. ఒకరోజు మా యజమాని పిలిచి, "మా చిన్నప్పుడు పెళ్ళిభోజనాల్లో ఆడవాళ్ళు ఒక పాట పాడేవాళ్ళయ్యా, 'ఆకు చిన్నదాయె' అని. దాన్ని మన పులిహోరకి పెట్టు. కొత్తగా ఉండాలి. పాతగా కూడా ఉండాలి" అన్నారు.

ఆ పాట ఈ ప్రాంతంలో ఒక వయసు దాటిన వాళ్ళందరికీ తెలుసు. మగపెళ్ళివారు బంతిలో కూర్చుని భోంచేస్తుంటే, ఆడపెళ్ళివారి తరఫు స్త్రీలు ఎదురుగా నిలబడి వాళ్ళ తిండిని దెప్పుతూ పాడే పాట అది. వరస ఒక్కటే. మొదటి పాదం ఒక్కటే. మిగతా చరణాలు మాత్రం ఏ పెళ్ళికా పెళ్ళి అప్పటికప్పుడు కట్టాలి. దానికి మగపెళ్ళివారు అదే వరసలో జవాబు పాడాలి. దెప్పించుకున్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. జవాబు పాడకుండా లేచిపోకూడదు. అది మర్యాద.

ఆ పాట ఇంకా పాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆఫీసులో వాకబు చేస్తుంటే, ప్యాకింగు విభాగం చూసుకునే ఒక అక్కగారు నా దగ్గరికి వచ్చారు.

"మా అమ్మ పాడుతుందండీ. అవనిగడ్డ అవతల ఉంటుంది. కానీ మీరు అడిగితే ఆవిడ బదులుగా ఏం అడుగుతుందో నాకు తెలుసు" అన్నారు.

"ఏమడుగుతారండీ?"

"మా అత్తగారిని." ఇటూ అటూ చూసి గొంతు తగ్గించారు. "నా పెళ్ళిలో వాళ్ళిద్దరికీ మధ్య మాటలు లేకుండా పోయాయండీ. పద్దెనిమిదేళ్ళయింది. నేను చెప్పానని మాత్రం మా అత్తగారి దగ్గర అనకండి."

ముందుగా మామ్మగారికి ఒక ఉత్తరం రాయడం సభ్యత అనుకున్నాను. తమ గాత్రమాధుర్యమును గూర్చి విని యున్నామనీ, తమ అమూల్యమైన సహకారమును అర్థించుచున్నామనీ, పేజీన్నర రాసి పంపాను. వారం తరవాత స్వయంగా వెళ్ళాను. మామ్మగారు వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. సన్నటి మనిషి. మాట మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది.

"ఉత్తరం రాసింది నువ్వేనా బాబూ? పక్కింటాయన చదివి పెట్టాడు. సగం విని కోర్టు నోటీసు అనుకున్నాను. మిగతా సగం విని, నేను పోయాననుకుని సంతాపం రాశారేమో అనుకున్నాను."

క్షమించమన్నాను.

"పరవాలేదులే. ఇంతకీ నువ్వు ఎటువాడివి?"

"పామిడిముక్కల దగ్గరండీ."

"ఊరు కాదయ్యా. ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా?"

ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది. మామ్మగారి లెక్కలో ప్రపంచంలో ఉన్నవాళ్ళంతా రెండు పక్షాలే. అవనిగడ్డ డాక్టరుగారు మగపెళ్ళివారు, ఎందుకంటే మనం ఎంతసేపు కూర్చున్నా ఆయన వచ్చినప్పుడే వస్తాడు, వచ్చాక మనమే లేచి నిలబడాలి. మండలాఫీసు మొత్తం మగపెళ్ళివారు. గ్యాసు బండ తెచ్చేవాడు ఆడపెళ్ళివారు, పాపం మోసుకొచ్చి కూడా గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా" అని పిలుస్తాడు. బస్సు కండక్టరు ఎక్కేటప్పుడు మగపెళ్ళివారు, చిల్లర లేనప్పుడు ఆడపెళ్ళివారు. ఈ విభజనలో ఎవరి మీదా ద్వేషం లేదు. ఎవరిని దెప్పవచ్చునో, ఎవరికి వడ్డించాలో తెలుసుకోవడానికి మాత్రమే.

"నేను ఎటూ కాదండీ. మధ్యవర్తిని" అన్నాను.

"మధ్యవర్తికి ఆఖరి బంతిలో అన్నం" అన్నారు, చింతగింజ ఒకటి పక్కకు విసురుతూ.

ఆ రోజూ, తరవాత వెళ్ళిన రోజుల్లోనూ ఆవిడ పాడే పద్ధతి గురించి చాలా చెప్పారు. చెప్పారు అనడం కంటే, నన్ను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, నా మీదే ప్రయోగించి చూపించారు అనడం సబబు. మామ్మగారు పాడే ముందు కొంగు నడుముకు దోపుకుంటారు. తినేవాడి మొహం చూడరు, ఆకు చూస్తారు. పప్పు వేసేదాకా చూస్తారు, కూరలు వేసేదాకా చూస్తారు. ఎవరు నెయ్యి మళ్ళీ అడిగారు, ఎవరు బూరెను ఆకు కింద దాచారు, ఎవరు పక్కవాడి అప్పడం మీద కన్నేశారు అన్నీ గమనించి, పులిహోర వడ్డించే వేళకు మొదలుపెడతారు.

"అన్నం కలిపే చెయ్యి అబద్ధం ఆడదు బాబూ. నువ్వు చూడు, కూర అంతా ఓ పక్కకి నెట్టి, ముందు వట్టి అన్నం తింటున్నావు. ఇంట్లో కూర చాలీచాలకుండా పెరిగినవాడివి."

నిజమే. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు, గరిటెడు కూర తెచ్చి వేశారు. వేస్తూ ఆ కూర మీద ఒక చరణం కట్టారు. అది ఇక్కడ రాయను.

ఆవిడ పద్ధతిలో ఒకే ఒక్క నియమం ఉంది. పెరుగు వడ్డించాక పాడకూడదు. దెప్పడమైనా, దానికి జవాబైనా పెరుగు వచ్చే లోపే అయిపోవాలి. చివరి ముద్ద చల్లగా దిగాలి, ఎవరి మనసులోనూ ఏమీ మిగలకుండా లేవాలి. "లేకపోతే తిట్టు కడుపులోనే ఉండిపోతుంది. అరగదు" అనేవారు.

పెళ్ళిళ్ళలో బంతులు పోయి బఫేలు వచ్చాక మామ్మగారికి పని తగ్గింది. "నిలబడి తినేవాళ్ళని ఏమంటాం? ఒక చరణం అందుకునే లోపు ప్లేటు పట్టుకుని ఐస్‌క్రీము దగ్గరికి పోతారు." అయినా ఒకసారి అవనిగడ్డ కల్యాణ మంటపంలో ఓపిక పట్టలేక, పాయసం కౌంటరు పక్కన నిలబడి, వరసలో ఉన్నవాళ్ళను వచ్చినవాళ్ళను వచ్చినట్టు దెప్పారట. జనం కోప్పడలేదు సరికదా, ఫోన్లు తీసి వీడియోలు పట్టారట. ఆవిడకు అది పెద్ద అవమానంగా తోచింది. "ఒక్కడూ తిరిగి అనలేదు బాబూ! నవ్వి, ఫొటో తీసుకుని పోయారు. నేనేమైనా తిరునాళ్ళలో బొమ్మనా?"

ఆ మాట మీదే నా పని ఎత్తుకున్నాను. ప్రకటన సంగతి చెప్పాను. నేను రాసిన కొత్త చరణాన్ని చదివి వినిపించాను. అందులో పులిహోరను రుచుల సిరి అన్నాను, తెలుగింటి వెలుగు అన్నాను.

"పొగుడుతున్నావా?" అన్నారు.

"ప్రకటన కదండీ."

"పొగడ్తకి ఈ వరస రాదయ్యా. ఇది దెప్పడానికి పుట్టిన వరస. నీ సరుకు బాగుందని చెప్పాలంటే సరుకుని అనకు, తిన్న మనిషిని అను. పూట మారినా ఆకు దగ్గర్నుంచి లేవలేదు అను. చాలు." ఐదు నిమిషాల్లో చరణం కట్టి చేతిలో పెట్టారు. నేను దాని కోసం రెండు వారాలు కూర్చున్నాను.

"అయితే పాడతారా మామ్మగారూ?"

గింజలు తీసే చెయ్యి ఆగింది. "మీ కంపెనీ గుడివాడలో కదూ? మా వియ్యపురాలిదీ గుడివాడే. ఆవిడ వచ్చి జవాబు పాడితే నేను పాడతాను."

"జవాబు కూడా మీరే పాడవచ్చు కదండీ" అన్నాను, ఎంత చదువుకున్నా తెలియనిది తెలియదు కాబట్టి.

"రెండు పక్షాలూ నేనే పాడితే అది పెళ్ళి కాదు, పిచ్చి" అన్నారు. తరవాత మొదటిసారి నా మొహం చూసి చెప్పారు. "తప్పు నాదే. నా కూతురి పెళ్ళిలో, అందరి పెళ్ళిళ్ళలో పాడినదాన్ని, ఆ రోజు ఒళ్ళు తెలియలేదు. పెరుగు వేశాక పాడాను. ఆవిడ జవాబు పాడటానికి వీల్లేకుండా పోయింది. ఆకు ముందు నుంచి లేచి వెళ్ళింది. ఆ జవాబు నేను పడాలి బాబూ. పడకుండా పోతే బాగోదు."

మర్నాడు గుడివాడలో వియ్యపురాలుగారి ఇంటికి వెళ్ళాను. ఈవిడ నిండైన మనిషి, నెమ్మదైన మాట. నేను వచ్చిన పని పూర్తిగా విన్నారు. నేను వాడిన కొన్ని పెద్ద మాటలను కూడా సహించారు.

"అంత మాట ఏమన్నారండీ ఆవిడ?" అని అడిగాను.

"'ముద్ద పెరుగు వేస్తే వియ్యపురాలా, మూడో చెయ్యి వచ్చె' అంది." ఆ చరణాన్ని ఏ తడుముకోవడమూ లేకుండా, రాగంతో సహా చెప్పారు. "నిజమే. నాకు పెరుగంటే ఇష్టం. రెండుసార్లు వేయించుకున్నాను. అన్నందుకు కాదు బాబూ నాకు బాధ. పెరుగు వేశాక అంది. ఇంక నేనెప్పుడు అనాలి? మావాళ్ళంతా నా వంక చూస్తున్నారు, ఏమంటుందా అని. నోట్లో జవాబు ఉంది. ఆకులో పెరుగు ఉంది."

"ఇప్పుడు పాడవచ్చు కదండీ. ఆవిడే కోరుతున్నారు."

ఆవిడ "ఎంతసేపు పాడనిస్తారు?" అన్నారు.

"ప్రకటన మొత్తం ముప్ఫై సెకన్లండీ. మీకు ఒక పది సెకన్లు..."

"పద్దెనిమిదేళ్ళకి పది సెకన్లా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ప్యాకింగు విభాగం అక్కగారు గుమ్మం వెనక నిలబడి వింటున్నారని నాకు తెలుసు. అత్తగారికీ తెలుసు.

"వస్తాను. కానీ ఉత్తి మైకులో పాడను. ఆవిడ నా ఎదురుగా ఆకు వేసుకుని కూర్చోవాలి. తినాలి. తినే మనిషిని చూడకుండా నేనేం పాడతాను?" అన్నారు.

రికార్డింగు మచిలీపట్నంలో పెట్టుకున్నాం. అది ఒక మేడ మీద చిన్న గది. భక్తి పాటలకూ, ఎన్నికల పాటలకూ పేరున్నది. గోడలకు స్పాంజి అంటించారు. యంత్రాలు చూసుకునే ఆయన ఉత్సాహవంతుడు. "వియ్యపురాలా అంటే ఈ తరానికి తెలీదు సార్. 'ఫ్రెండూ' అందాం, కింద డ్రమ్స్ వేద్దాం" అని సలహా ఇచ్చాడు. మామ్మగారు అతన్ని ఎగాదిగా చూసి, "ఇతనెవరు, మగపెళ్ళివారా?" అన్నారు. ఆయన తీగలు సర్దుకోవడంలో పడ్డాడు.

సామాన్ల బాధ్యత నాది. జాబితా రాసుకున్నాను. అరిటాకులు, అన్నం, పప్పు, కూర, మా కంపెనీ పేస్టుతో కలిపిన పులిహోర, మంచినీళ్ళు. వరసగా టిక్కులు పెట్టుకున్నాను.

వియ్యపురాలుగారు కోడలితో కలిసి మెట్లెక్కి వచ్చారు. ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకరు మైకును, ఒకరు గోడ మీది స్పాంజిని పరిశీలించారు. మధ్యలో అక్కగారు తల్లి వంక ఒకసారి, అత్తగారి వంక ఒకసారి చూస్తూ చెమటలు తుడుచుకుంటున్నారు. చప్పుడు పడకూడదని ఏసీ ఆపేశారు మరి.

మొదట వియ్యపురాలుగారు ఆకు ముందు కూర్చున్నారు. పులిహోర వడ్డించాం. మామ్మగారు కొంగు దోపుకున్నారు. ఆకును చూశారు. ఎత్తుకున్నారు. మూడు గదుల అవతల కూడా వినిపించే ఆ గొంతు స్పాంజి గోడలకు కొంత లొంగింది గానీ, పూర్తిగా కాదు. ఒకే ఒక్కసారికి పాట కుదిరింది. నేను లోలోపల యజమానిగారి మొహం ఊహించుకుని సంతోషించాను. యంత్రాలాయన "సూపర్ మామ్మగారూ" అని తీగలు తీయబోయాడు.

"ఆగు నాయనా" అన్నారు వియ్యపురాలుగారు. చెయ్యి కడుక్కుని వచ్చి, పద్దెనిమిదేళ్ళ తరవాత మొదటిసారి ఎదుటి మనిషిని చూశారు. "మీరు కూర్చోండి వదినగారూ. ఆకు మార్చండర్రా."

మామ్మగారు కూర్చున్నారు. అంత గొంతు ఉన్న మనిషి అంత చిన్నగా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

మామ్మగారు పులిహోర కలిపి నోట్లో పెట్టుకుని, "ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, అనడానికి ఏమీ లేదు. అదే దీనికి లోపం" అని మా సరుకు మీద తీర్పు చెప్పారు. వియ్యపురాలుగారు గొంతు సవరించుకున్నారు.

"కూతురొచ్చెగాని వియ్యపురాలా, కూర రాకపోయె
పులుసు పెట్టమంటే వియ్యపురాలా, పంటకాలువాయె"

అక్కగారు "అత్తయ్యా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మామ్మగారికి పొలమారింది. నవ్వుతో పొలమారిందని నేను ఆలస్యంగా గ్రహించి మంచినీళ్ళు అందించాను.

వియ్యపురాలుగారు ఆగలేదు. పది సెకన్లు అయిపోయాయి. నిమిషం అయిపోయింది. అప్పడం విరిచేటప్పటి మామ్మగారి తీరు మీద ఒకటి పాడారు. పాట పాడేటప్పుడు మెడ నిక్కించే తీరు మీద ఒకటి. పండగలకు కూతురి చేతికి పంపించిన అరిసెల గట్టిదనం మీద రెండు. ఇంకా ఏవేవో. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అంట్లు తోముకుంటూ, బియ్యం ఏరుకుంటూ, ఏడాది వెనక ఏడాది కట్టి పెట్టుకున్నవి. వాటికి ఇన్నాళ్ళూ వినే మనిషి లేదు.

"గొంతు పెద్దదాయె వియ్యపురాలా, గుండె చిన్నదాయె
గుడివాడ దారి వియ్యపురాలా, గుర్తు లేకపోయె"

ఈ చరణానికి మామ్మగారు నవ్వలేదు. తల వంచుకుని తింటున్నారు. నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. ఇది పదోది. పదకొండో చరణానికి వియ్యపురాలుగారి గొంతు కొంచెం తగ్గింది.

"తిట్టి ఊరుకుంటివి వియ్యపురాలా, తిరిగి అననీక
ఎదురు చూసి చూసి వియ్యపురాలా, ఏళ్ళు గడిచిపోయె"

మామ్మగారి చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. అక్కగారు గోడ వైపు తిరిగారు. యంత్రాలాయన కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మామ్మగారు తల ఎత్తకుండానే అడిగారు. "అయిపోయిందా వదినా?"

"పదకొండు అయ్యాయి. పన్నెండోది ఉంది. అది ఇవాళ కాదు, మళ్ళీ కూర్చున్నప్పుడు." వియ్యపురాలుగారు కోడలి వైపు చూశారు. "మీ అమ్మకి పెరుగు వెయ్యవే."

అక్కగారు నా వైపు చూశారు. నేను నా జాబితా వైపు చూశాను. అందులో పెరుగు లేదు. పులిహోర ప్రకటనకు పెరుగుతో పని ఉంటుందని నాకు తోచలేదు.

"పెరుగు తేలేదా?" అన్నారు వియ్యపురాలుగారు.

"పెరుగు లేకుండా భోజనం ఏవిటయ్యా?" అన్నారు మామ్మగారు.

"చదువుకున్నవాడేనా?"

"డిగ్రీట వదినా. పేజీన్నర ఉత్తరం రాస్తాడు. పెరుగు మాత్రం రాసుకోడు."

పద్దెనిమిదేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం నా తెలివితక్కువతనం. మెట్లు దిగి, రెండు వీధులు పరిగెత్తి, పెరుగు పాకెట్లు తెచ్చాను. వచ్చేసరికి ఇద్దరూ ఒకే గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను గురించే ఇంకా మాట్లాడుకుంటున్నారు. వియ్యపురాలుగారు పాకెట్టు చూసి పెదవి విరిచారు గానీ, తానే తీసుకుని మామ్మగారి ఆకులో వడ్డించారు. ఒకసారి వేశారు. అడక్కుండానే రెండోసారి వేశారు.

ప్రకటనకు మొదటి పాట ఒక్కటే వాడాం. మిగతాదంతా, స్థలం చాలదని, యంత్రాలాయన ఆ వారంలోనే చెరిపేశాడు. నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

రికార్డింగు అయిన సాయంత్రం మామ్మగారిని అవనిగడ్డ బస్సులో దిగబెట్టడానికి నేనూ వెళ్ళాను. చల్లపల్లి దాకా కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చున్నారు. అలిసిపోయి నిద్రపోయారనుకున్నాను. చల్లపల్లి దాటాక హఠాత్తుగా, "ఆవిడ బాగా కడుతుంది" అన్నారు. "నాకంటే బాగా కడుతుంది. ఇన్నాళ్ళు నోరు మూయించి పెట్టాను, పాపిష్టిదాన్ని." ఇంకొంచెం దూరం వెళ్ళాక నా మోచెయ్యి పొడిచి, "దీనికి నా జవాబు విను. ఇప్పుడే కట్టాను" అని, బస్సు చప్పుడులో నా చెవి దగ్గర సన్నగా పాడారు. "ఎవరికీ చెప్పకు. మళ్ళీ కూర్చున్నప్పుడు నేనే పాడతాను. మీ కంపెనీ ఇంకేమీ అమ్మదా? ఊరగాయ? కారప్పొడి?"

తరవాత నెలల్లో వాళ్ళిద్దరూ రోజూ ఫోను చేసుకునేవారని అక్కగారు ఆఫీసులో చెప్పేవారు. కూరల ధరలతో మొదలుపెట్టి, దెప్పుకోవడంతో ముగించేవారట. పాట మాత్రం ఫోనులో పాడుకోలేదు. దానికి ఆకులు వేయాలి. అక్కగారి అమ్మాయి ఓణీల వేడుకకు గుడివాడలో ముహూర్తం పెట్టుకున్నారు. బఫే వద్దని, బంతులే వేయాలని ఇద్దరు వియ్యపురాళ్ళూ కలిసి పట్టుబట్టారు. ఆ వేడుక ఇంకా మూడు వారాలు ఉందనగా, ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మామ్మగారు మళ్ళీ లేవలేదు.

వేడుక వాయిదా పడింది. నేను దినవారాలు అన్నీ అయ్యాక వియ్యపురాలుగారిని చూడటానికి గుడివాడ ఇంటికి వెళ్ళాను. పరామర్శకు తగిన మాటలు నాలుగు మనసులో కూర్చుకుని వెళ్ళాను గానీ, ఆవిడ వాటికి అవకాశం ఇవ్వలేదు.

"నా పదకొండుకీ ఆవిడ ఏదో జవాబు కట్టిందటగా? ఫోనులో ఒకటే ఊరించేది, ఉంది ఉంది అని. మా కోడలికీ చెప్పలేదుట. నీకేమైనా తెలుసా బాబూ?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం ఎవరికీ చెప్పవద్దని మామ్మగారు బస్సులోనే అన్నారు. నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. అదే ఆవిడకు జవాబు అయిపోయింది.

"ఉండు" అన్నారు. లోపలికి వెళ్ళారు. పెరట్లోంచి అరిటాకు కోసిన చప్పుడు వినిపించింది. ఆకు కడిగి తెచ్చి, హాలులో నేల మీద పరుచుకుని, అన్నం పప్పు వడ్డించుకుని, నా ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు సమయం పదకొండు గంటలు. భోజనాల వేళ కూడా కాదు. కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"ఇంక పాడు" అన్నారు.

నేను జీవితంలో ఎక్కడా పాడలేదు. స్కూల్లో ప్రార్థనలో కూడా పెదవులు మాత్రమే కదిపినవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని, బస్సులో విన్నదాన్ని గుర్తు తెచ్చుకుని, నాకు వచ్చిన రాగంలో పాడాను.

"పదకొండు పెట్టితివి వియ్యపురాలా, పన్నెండోది ఏది?
ఆకు ఎత్తనమ్మా వియ్యపురాలా, ఆకలింక ఉంది"

వియ్యపురాలుగారు తింటూనే ఉన్నారు. తల ఎత్తలేదు. ఆ ముద్ద పూర్తిగా నమిలి మింగి, ఆకులో అన్నాన్ని వేలితో ఒక పక్కకు జరిపారు.

"పన్నెండోది లేదు బాబూ" అన్నారు. "ఉందని ఉత్తినే అన్నాను. మళ్ళీ వస్తుందని."